ప్రశాంత వీధికి ప్రథమ బహుమతి

నగరంలోని వీధులన్నిటిలోకీ ఉత్తమ వీధిగా ప్రశాంత వీధి ఎంపికైందని పురపాలక కార్యాలయం వారు సంతోషంతో ప్రకటించారు. ఆ వీధి మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అక్కడ మురుగు పొంగలేదు, దీపం ఆరిపోలేదు, కుక్క కరవలేదు, కుళాయి ఎండలేదు. ఉన్నది ఒకే ఒక్క చిన్న లోటు. ఆ వీధి లేదు.

దాన్ని లోటు అనడం కూడా మన చిన్నబుద్ధే. ఉత్తమ వీధికి ఉండవలసిన అర్హతలు కార్యాలయం వారు ఒక కాగితం నిండా రాశారు. అందులో 'ఉండడం' అనేది ఎక్కడా లేదు. అయినా ఉన్న వీధులు ఏం బాగుపడ్డాయని? ఉన్న వీధికి గుంటలుంటాయి. ఉన్న వీధిలో మనుషులుంటారు. మనుషులకి ముక్కు ఉంటుంది, ముక్కు కింద నోరుంటుంది. ఇన్ని తద్దినాలు నెత్తిన పెట్టుకుని ఏ వీధైనా ఉత్తమంగా ఎలా ఉండగలదో మీరే చెప్పండి.

ఈ ఘనతకి మూలపురుషుడు ఫిర్యాదుల విభాగంలో గుమస్తా. కార్యాలయంలో అందరూ ఆయన్ని అరల మేస్త్రి అంటారు. ఆ విభాగానికి ఒక కిటికీ, ఒక కాలు పొట్టిదైన కుర్చీ, ఒక కంప్యూటరు ఉన్నాయి. కుర్చీ ఊగకుండా పొట్టి కాలు కింద మడతపెట్టిన ఫిర్యాదు ఒకటి ఉంటుంది. పక్క గదుల్లో కంప్యూటర్ల మీద రంగురంగుల బొమ్మలు కనిపిస్తాయి. మేస్త్రి తెర మాత్రం నల్లగా ఉంటుంది, దాని మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తుతాయి. బొమ్మలు నొక్కేవాళ్ళు పిల్లకాయలనీ, అక్షరం కొట్టి పనిచేయించేవాడే మొనగాడనీ ఆయన గట్టి నమ్మకం. ఈ విద్య ఆయనకి ఎవరూ నేర్పలేదు. సొంతంగా నేర్చుకున్నాడు. కాబట్టి ఎంత నేర్చుకున్నాడో, ఎంత మిగిలిందో చెప్పేవాళ్ళు కూడా లేరు.

ఫిర్యాదులన్నీ ఒకే ఫైల్లో వరసగా చేరేవి. ఒక్కో ఫిర్యాదుకి ఒక్కో వరస. ముందు వీధి పేరు, తర్వాత ఒక గీత, ఆ తర్వాత ఏడుపు. మేస్త్రి ఒక చిన్న స్క్రిప్టు, అంటే యంత్రం చేయవలసిన పనుల చిట్టా, రాశాడు. అది ఫైలుని పైనుంచి కిందికి ఒక్కో వరసే చదువుతుంది, వీధి పేరు పట్టుకుంటుంది, ఆ పేరుతో ఉన్న అరలో ఒక గింజ వేస్తుంది. చివరికి ఏ వీధి అరలో ఎన్ని గింజలున్నాయో చెప్పేస్తుంది. సాయంత్రం పని ముగించేటప్పుడు అరలన్నిటినీ ఇంకో ఫైల్లో దాచి, పొద్దున్నే మళ్ళీ అక్కణ్ణించి ఎత్తుకుంటుంది. ఏడుపు ఏమిటో మాత్రం చదవదు. ఏడుపు చదివే అలవాటు ఆ కార్యాలయంలో అంతకుముందూ ఎవరికీ లేదు కనక, యంత్రం వచ్చాక పద్ధతి చెడిందని ఎవరూ అనలేకపోయారు.

ఇలా అరలు కట్టే ఏర్పాటుని కంప్యూటరు చదువుకున్నవాళ్ళు ఇంగ్లీషులో 'అర్రే' అంటారట. మేస్త్రి దానికి అరల బీరువా అని పేరు పెట్టాడు. కనిపించిన ప్రతివాడినీ మెడ పట్టుకుని దాని గొప్ప చెప్పేవాడు. "మామూలు బీరువాలో అరలకి ఒకటి, రెండు అని అంకెలుంటాయి. నా బీరువాలో పేర్లుంటాయి. వీధి పేరు పిలిస్తే చాలు, అర దానంతట అదే తెరుచుకుంటుంది. తప్పు చెప్పడం దాని వంశంలోనే లేదు" అనేవాడు. వినేవాళ్ళకి సగం అర్థమయ్యేది. అర్థంకాని సగానికి గౌరవం ఇచ్చేవారు.

మేస్త్రి కాపురం పంపుహౌసు వెనక వీధిలో. ఆ వీధి సంగతి చెప్పాలంటే ముందు జేబురుమాలు తీయాలి. భూమిలోపలి మురుగు గొట్టం ఎప్పుడో పగిలిపోయి, లోపలి సరుకంతా బయటికి వచ్చి స్వేచ్ఛగా తిరుగుతోంది. మేస్త్రి ఇల్లు పల్లంలో ఉంది. మేస్త్రి భార్య వంటింట్లో ఇటుకలు పరిచి, ఒక ఇటుక మీంచి ఇంకో ఇటుక మీదికి అడుగేస్తూ వంట చేసేది. గరిట ఒక ఇటుక దగ్గర, ఉప్పు ఒక ఇటుక దగ్గర. ఉప్పు మర్చిపోతే రెండు గెంతులు. వీధిలో అందరూ ఆవిణ్ణి అర్జీల అక్క అంటారు. ఎందుకంటే వీధిలో ఎవరి కష్టమైనా అర్జీ రాసిపెట్టేది ఆవిడే.

కార్యాలయం వెనక దొడ్లో కొత్త గొట్టాలు ఒక కుప్ప ఉన్నాయి. సరిగ్గా ఒక్క వీధికి సరిపోతాయి. ఎక్కువ ఫిర్యాదులొచ్చిన వీధికే ఆ గొట్టాలని కమిషనరు గారు సెలవిచ్చారు. ఆ మాట మేస్త్రి ఇంటికి మోసుకొచ్చాడు.

"గొట్టాలు మన వీధికి రాకపోతే నేను పేరు మార్చుకుంటాను" అన్నాడు.

"మీకు మేస్త్రి అని పేరు పెట్టింది ఆఫీసువాళ్ళు. మార్చుకుంటే వాళ్ళకి నష్టం. నాకేంటి?" అంది అక్క, ఇటుక మీంచి కదలకుండా. "గొట్టం పడాలి. అంతే. పడేదాకా నేను ఊరుకోను, మిమ్మల్ని ఊరుకోనివ్వను."

ఆ మర్నాటి నుంచి పంపుహౌసు వెనక వీధి వాళ్ళు ఫిర్యాదుల వాన కురిపించారు. అందరూ ఒకటే రాశారు: మురుగు పొంగుతోంది. అంతకంటే రాయడానికి ఏముంది? అక్కడే చిక్కొచ్చింది. ఒకే మాట మళ్ళీ మళ్ళీ రావడం కార్యాలయ మర్యాదకి భంగమని విభాగం సూపర్నెంటు గారికి తోచింది. "ఒకసారి విన్నాం కదయ్యా. విన్నదాన్నే మళ్ళీ వినడం దేనికి?" అన్నారు. విన్నారన్న సంగతి అందరికీ అప్పుడే తెలిసింది.

మేస్త్రి ఆ సమస్యని కూడా చిటికెలో తీర్చాడు. రెండో బీరువా కట్టాడు. దాని పేరు చూసేసిన మాటల బీరువా. ఏ ఫిర్యాదు వచ్చినా స్క్రిప్టు ముందు అందులో వెతుకుతుంది. ఆ మాటలు లేకపోతే వాటి పేరుతో ఒక అర కట్టి, గింజ వేస్తుంది. అవే మాటలు ముందే ఉంటే ఫిర్యాదుని బయటికి తోసేస్తుంది. ఆ రోజు నుంచి నగరంలో మురుగు పొంగుతోందని మొదట అన్న ఒక్కడి మాటే లెక్క. మిగతా వాళ్ళ మురుగు పొంగినట్టు కాదు.

సూపర్నెంటు గారు మేస్త్రి భుజం తట్టారు. సాయంత్రం ఇంటికొస్తే ఆ భుజం మీదే అక్క చెయ్యి పడింది, ఇంకాస్త గట్టిగా.

"ఇదేం పని? సొంత వీధి నోరు మీరే నొక్కేశారా?"

"నొక్కలేదే. మాటలు మార్చి రాస్తే చాలు. కొత్త మాటలైతే బీరువా తీసుకుంటుంది."

అలా మేస్త్రి పుణ్యమా అని ఆ వీధిలో సాహిత్యం పుట్టింది. జేబురుమాలు కట్టుకున్న మూతులతో జనం అక్క అరుగు మీద చేరి మాటలు వెతికేవారు.

"మురికి, కంపు, బురద అన్నీ అయిపోయాయి. ఇంకేముంది?"

"కల్మష జలం అని రాయండి వదినా."

"అది మూలింటి పిన్నిగారు నిన్ననే వాడేశారు."

"అయితే వాసనాధిక్యత!"

"అదేంట్రా, అర్థం ఉందా?"

"అర్థం దేనికి పిన్నీ? చదివేవాడెవడు? కొత్తగా ఉంటే చాలట, మేస్త్రి బావగారు చెప్పారు."

వీధి చివర టైలరు రోజుకో పద్యం కట్టేవాడు. కంపు మీద అంత శ్రద్ధగా కవిత్వం రాసినవాళ్ళు అంతకుముందు లేరు. గింజలు రాలాయి, అర నిండింది, ఇంకో అర ఏదీ దాని దరిదాపులకి రాలేదు. అక్క వంటింట్లో ఇటుకల మీద గెంతుతూ పాట కూడా పాడింది.

ఆ రోజుల్లోనే ఒకసారి కమిషనరు గారు బీరువాని పరీక్షించడానికి వచ్చారు. యంత్రం నమ్మదగినదో కాదో తేల్చడానికి ఆయన దగ్గర ఒక మంచి ఉపాయం ఉంది.

"లేని వీధి పేరు అడుగుదాం. ఏమంటుందో చూద్దాం" అన్నారు. కళ్ళు మూసుకుని, గడ్డం నిమురుకుని, "ఆఁ, ప్రశాంత వీధి! కొట్టవయ్యా" అన్నారు.

మేస్త్రి కొట్టాడు. తెర మీద ప్రశాంత వీధి అని పడింది. దాని పక్కన ఏమీ లేదు. సున్నా కూడా లేదు.

"ఇదేంటి, ఖాళీ?"

మేస్త్రి తెర వైపు ఇంకోసారి చూశాడు. ఖాళీ ఎందుకొచ్చిందో ఆయనకీ తెలీదు. కానీ తెలీదు అనే మాట ఆయన నాలుక మీదికి ఎప్పుడూ ఎక్కలేదు. "ఫిర్యాదుల్లేవని అర్థం సార్" అన్నాడు.

"ఎలా ఉంటాయి? వీధే లేదు కదా! కరెక్టుగా చెప్పింది" అని కమిషనరు గారు పొంగిపోయి వెళ్ళిపోయారు. పరీక్ష నెగ్గింది. పెట్టినవాడూ సంతోషించాడు, రాసినవాడూ సంతోషించాడు. ఇంతకంటే మంచి పరీక్ష ఏ బడిలోనూ జరగదు.

మేస్త్రికి తెలియని సంగతి ఒకటుంది. ఈ అరల బీరువాకి మితిమీరిన మర్యాద. లేని అర పేరు చెప్పి అడిగితే, లేదని మొహం మీద చెప్పదు. అడిగినవాడు చిన్నబోతాడని అప్పటికప్పుడు ఆ పేరుతో ఒక అర కట్టేసి, చీటీ అతికించేసి, ఇదిగోండి, ఖాళీగా ఉంది, అని చూపిస్తుంది. అడగడమే పుట్టించడం. ఉందో లేదో చూడాలంటే ఇంకోలా అడగాలి, తలుపు తీయకుండా బయటి చీటీలు మాత్రమే చూడమని చెప్పాలి. ఆ అడిగే తీరు మేస్త్రి నేర్చుకోలేదు. ఆ సాయంత్రం స్క్రిప్టు పని ముగిస్తూ తన అరలన్నిటినీ దాచుకుంది. వాటితో పాటు ప్రశాంత వీధినీ దాచుకుంది. అలా ఒక సాధారణమైన మధ్యాహ్నం, మట్టీ రాయీ లేకుండా, నగరంలో ఒక వీధి పుట్టింది. పురపాలక చరిత్రలో ఇంత తొందరగా పూర్తయిన రోడ్డు మరోటి లేదు.

వేసవి ముగిసేసరికి కమిషనరు గారికి జ్ఞానోదయమైంది. ఉద్యోగులందరినీ సమావేశపరిచి ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! ఎక్కువ ఫిర్యాదు చేసినవాడికి గొట్టం ఇస్తే ఏమవుతుంది? ఫిర్యాదుకి బహుమతి ఇచ్చినట్టవుతుంది. రేపు ప్రతివాడూ ఫిర్యాదు చేస్తాడు. ఈ దుస్సంప్రదాయానికి నేను స్వస్తి చెబుతున్నాను. ఇకపై తక్కువ ఫిర్యాదులున్న వీధికే గొట్టం! ఓర్పుకి పురస్కారం! మౌనానికి సన్మానం!"

చప్పట్లు మోగాయి. మేస్త్రి కూడా కొట్టాడు. చేతులు కొడుతుండగా సంగతి బుర్రకెక్కింది, అప్పటికి చేతులు ఆపడం బాగుండదు. అర్జీల అక్క నెలల తరబడి నింపిన అర ఒక్క ఉపన్యాసంతో తలకిందులైపోయింది. మొదటి వీధి కాస్తా ఆఖరి వీధి అయింది.

ఇంటికెళ్ళి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. అక్క ఆయన మొహం చూసి తనే అడిగింది. చెప్పాడు. అక్క ఉన్న ఇటుక మీదే చతికిలబడింది.

"అంటే ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నవాళ్ళకి గొట్టం. గొట్టం కావాలని నోరు తెరిచినవాళ్ళకి కంపు."

"అదే... ఓర్పుకి పురస్కారం అన్నారు."

"మీరేమన్నారు?"

మేస్త్రి ఏమన్నాడో మనకి తెలుసు. ఆయన చెప్పలేదు.

ఎంపిక రోజున మేస్త్రి నల్లతెర ముందు కూర్చుని, తక్కువ గింజలున్న అర ముందు వచ్చేలా వరస పెట్టాడు. అందరికంటే పైన ప్రశాంత వీధి. పక్కన ఖాళీ. సూపర్నెంటు గారు వెనకనుంచి తొంగిచూసి ఒక్క కేక పెట్టారు. "ఒక్క ఫిర్యాదూ లేదే! ఏం వీధయ్యా, ఏం మనుషులయ్యా!" ఆ కేక మేస్త్రి ఊపిరి పీల్చేలోపే కమిషనరు గారి గదికి చేరిపోయింది.

మేస్త్రి తలుపు వేసుకుని కూర్చున్నాడు. కావాలని నోటికొచ్చిన పేరు ఒకటి కొట్టాడు: గాడిద వీధి. తెర మీద గాడిద వీధి వచ్చింది, పక్కన ఖాళీ. సొంత అత్తగారి ముద్దుపేరు కొట్టాడు. అదీ వీధి అయిపోయింది. బీరువా గుట్టు బయటపడింది. అర్జంటుగా ఆ రెండు వీధుల్నీ తుడిచేశాడు. మూడోది తుడుద్దామంటే అది అప్పటికే కమిషనరు గారి నోట్లో ఉంది.

నిజం చెప్పేద్దామని లేచాడు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. కమిషనరు గారి గది గుమ్మం దాకా వెళ్ళాడు కూడా. లోపల కమిషనరు గారు, తాను కళ్ళు మూసుకుని కల్పించిన వీధిని తలుచుకుని కళ్ళు తెరిచి మురిసిపోతున్నారు.

"ప్రశాంత వీధి! నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సాయంత్రాలు అక్కడే నడిచేవాణ్ణి. ఏం గాలి! ఏం పరిశుభ్రత!"

"మా మేనమామ అక్కడే ఉండేవారు సార్" అన్నారు సూపర్నెంటు గారు. "రెండో మలుపులో. పచ్చ గేటు."

"ఆఁ, పచ్చ గేటు! ఎందుకు గుర్తులేదూ!"

మేస్త్రి గుమ్మంలో నిలబడిపోయాడు. పచ్చ గేటు దాకా కట్టేసిన వీధిని ఇప్పుడు కూలగొట్టడం సామాన్యమా? పైగా కూలగొట్టాలంటే, నా బీరువా తప్పు చెప్పిందని తన నోటితోనే అనాలి. "ఏమయ్యా మేస్త్రి, నువ్వెప్పుడైనా వెళ్ళావా?" అని కమిషనరు గారు అడిగారు.

"మొన్ననే సార్" అన్నాడు మేస్త్రి. "గేటుకి కొత్తగా రంగేశారు."

ఆ తర్వాత పనులు వాటంతట అవే సాగాయి. ఇంజినీరు గారు ప్రశాంత వీధిని స్వయంగా తనిఖీ చేసి, మురుగు ఎక్కడా కనబడలేదని నివేదిక ఇచ్చారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆరోగ్యశాఖ వారు ఆ వీధిలో దోమలు లేవని ధ్రువీకరించారు. విద్యుత్తు విభాగం వారు అక్కడ దీపం ఆరిపోయిన సందర్భమే లేదని రాసిచ్చారు. ఇన్ని నిజాలు ఒకే చోట పోగుపడడం ఆ కార్యాలయంలో అదే మొదలు.

ఇంట్లో మేస్త్రి కథంతా చెప్పాడు. ఈసారి అక్క చతికిలబడలేదు. ఇటుక మీద నిలబడి, కడుపు పట్టుకుని, కిందపడిపోతుందేమోనన్నంతగా నవ్వింది.

"అడిగితే చాలు, పుట్టిస్తుందా?"

"పుట్టిస్తుంది."

"గొట్టం అడిగితే?"

"పేరే పుడుతుంది. వస్తువు పుట్టదు."

"అయితే పేరు వాళ్ళ దగ్గరుంది, వీధి లేదు. మనకి వీధి ఉంది, గొట్టం లేదు." అక్క నవ్వు ఆపింది. ఆవిడ మొహంలో అర్జీ రాసేటప్పటి వెలుగు వచ్చింది. "మీ పేరు మార్చుకుంటానన్నారు చూడండి, అక్కర్లేదు. వీధి పేరు మారుద్దాం."

మర్నాడు మధ్యాహ్నం, కార్యాలయం వాళ్ళు భోజనాలయ్యాక కళ్ళు మూసుకునే పవిత్ర సమయంలో, పంపుహౌసు వెనక వీధి మొదట్లో నిచ్చెన వేశారు. టైలరు పాత బోర్డు మీద తెల్లరంగు పూశాడు. అక్క నీలం రంగుతో గుండ్రటి అక్షరాల్లో ప్రశాంత వీధి అని రాసింది. మూలింటి పిన్నిగారు, అడగకుండానే, తన గేటుకి పచ్చరంగు వేసుకున్నారు.

అప్పటికే గొట్టాల కంట్రాక్టరు లారీతో ఊరంతా తిరుగుతున్నాడు. ప్రశాంత వీధి ఎక్కడ అని అడిగిన ప్రతివాళ్ళూ, తెలీదనడం నామోషీ కనక, ముందుకెళ్ళి ఎడమకి తిరగమన్నారు. ఎడమకి తిరిగీ తిరిగీ లారీ చివరికి బోర్డు దగ్గర ఆగింది. కంట్రాక్టరు దిగి, ముక్కు పట్టుకున్నాడు.

"అమ్మా, ఇదేనా ప్రశాంత వీధి?"

"బోర్డు చూశారు కదా అన్నయ్యా."

"మరి ఈ కంపేంటి?"

"కంపా?" అక్క చుట్టూ చూసి, గాలి గుండెలనిండా పీల్చింది. ఆ ఒక్క ఊపిరికే ఆవిడకి ఒక బహుమతి ఇవ్వాలి. "మాకేం రావట్లేదే. మీకు జలుబు చేసిందేమో."

కంట్రాక్టరు ఇంకొకరిని అడిగాడు. ఇంకొకరినీ అడిగాడు. వాసనాధిక్యత అనే మాట కనిపెట్టిన నోటితోనే కుర్రాళ్ళు ఏ వాసనా లేదన్నారు. కంట్రాక్టరు తన ముక్కునే అనుమానించి, లారీలోంచి గొట్టాలు దింపించాడు.

ప్రారంభోత్సవానికి వేదిక కట్టారు, రిబ్బను కట్టారు, మైకు పెట్టారు. కమిషనరు గారు కారు దిగుతూనే జేబురుమాలు తీశారు. ఒక చేత్తో ముక్కు, ఇంకో చేత్తో మైకు పట్టుకుని మాట్లాడారు.

"ఈ వీధిలో అడుగు పెడుతుంటే పాత రోజులు గుర్తుకొస్తున్నాయి. అదుగో ఆ పచ్చ గేటు! అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఇక్కడి గాలిలో ఏదో పరిమళం ఉంది. ఆ పరిమళం ఏమిటి? అది మీ ఓర్పు! మీ మౌనం! మీరు నగరానికే ఆదర్శం!"

ఇక్కడ ఒక సాంకేతిక సమస్య వచ్చింది. చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ చప్పట్లకి ఇస్తే ముక్కుకి చెయ్యి మిగలదు. వీధి వీధంతా అక్క వైపు చూసింది. అక్క ముక్కు వదిలేసి చప్పట్లు మొదలెట్టింది. అందరూ వదిలేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగేలా కొట్టారు. ఆ కన్నీళ్ళు చూసి కమిషనరు గారు కూడా చలించిపోయారు.

గొట్టం పడింది. కావాల్సింది అదే కదా. మురుగు భూమిలోపలికి, దాని దారికి అది వెళ్ళిపోయింది. అక్క వంటిల్లు ఆరింది. ఆవిడ ఇటుకలన్నీ ఏరి దొడ్లో పేర్చి, నేల మీద నడుస్తూ వంట చేసింది. చాన్నాళ్ళ అలవాటు కనక ఉప్పు కోసం ఒకటి రెండుసార్లు గెంతింది. వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి. మేస్త్రి పేరు మార్చుకోనక్కర్లేకపోయింది. "ఏదైతేనేం, సాధించారు" అని అక్క ఆయనకి రెండోసారి కూర వడ్డించింది. ఆయన కూడా తానే సాధించినట్టు తిన్నాడు.

అయితే కంట్రాక్టరు గొట్టం వేసి, తవ్విన గుంటని పూడ్చకుండా వెళ్ళిపోయాడు. వీధి మొదట్లో, బోర్డు కిందే, పొడుగ్గా నోరు తెరుచుకుని ఉంది. ఎవరు రావాలన్నా, పోవాలన్నా దాన్ని దాటాలి. అక్క అలవాటు ప్రకారం కాగితం తీసి, కలం మూత తీసింది. మేస్త్రి పరుగున వచ్చి కలం పట్టుకున్నాడు.

"వద్దు! బహుమతి పత్రం చదవలేదా? ఫిర్యాదు వస్తే ఉత్తమ వీధి కాదట. ఉత్తమ వీధి కాకపోతే గొట్టం వెనక్కి ఇచ్చేయాలట."

"భూమిలో పాతిన గొట్టం ఎలా ఇస్తాం?"

"తవ్వుకుంటారట."

అక్క కలం మూత పెట్టేసింది. పాత పేరుతో రాద్దామంటే ఆ దారీ మూసుకుపోయింది. పంపుహౌసు వెనక వీధి పేరుతో బీరువాలో అర నిండా గింజలున్నాయి గానీ, కార్యాలయం వాళ్ళు వెతికితే నేల మీద ఆ వీధి దొరకలేదు. ఎక్కడ చూసినా అక్కడ ప్రశాంత వీధే ఉంది. లేని వీధి వాళ్ళు ఇన్నాళ్ళుగా కార్యాలయాన్ని వేధించారని తేల్చి, ఆ అరని తొలగించమని ఉత్తర్వు ఇచ్చారు. మేస్త్రే తొలగించాడు. అలా అడిగినందుకు పుట్టిన వీధి నిలిచింది, అడుక్కున్న వీధి పోయింది.

అక్క ఊరుకునే మనిషి కాదు. ఫిర్యాదు చేయకూడదు గానీ మెచ్చుకోకూడదని ఎక్కడా లేదుగా? మర్నాడు కార్యాలయానికి ఒక కృతజ్ఞతా పత్రం వెళ్ళింది. "మీరు దయతో ఉంచిన గుంట వల్ల మా వీధి పెద్దవాళ్ళు ఈ వయసులో గెంతడం నేర్చుకున్నారు. దాన్ని ఇంకా పెద్దది చేయవద్దని ప్రార్థన." ఆ వెనకే మూలింటి పిన్నిగారు, గుంటలో పడి చీలమండ బెణికాక, తీరిగ్గా విశ్రాంతి దొరికిందని ధన్యవాదాలు రాశారు. టైలరు గుంట లోతు మీద పద్యం కట్టాడు. వీధి సాహిత్యం మళ్ళీ పుంజుకుంది. కమిషనరు గారు ఆ పత్రాలన్నిటికీ అద్దాలు కట్టించి, వచ్చేపోయేవాళ్ళు చూసేలా గోడకి తగిలించారు. గుంట మాత్రం అలాగే ఉంది. ప్రజలు అంతగా మెచ్చుకున్నదాన్ని పూడ్చే సాహసం ఎవరు చేస్తారు?

ఈ వైభవం చూసి పక్క వీధుల వాళ్ళూ నిచ్చెనలు, నీలం రంగు తెచ్చుకున్నారు. ఇప్పుడు నగరంలో ఏ మలుపు తిరిగినా ప్రశాంత వీధే. ఉత్తరాలు ఒకరివి ఒకరికి అందుతున్నాయి, దాని మీద కూడా ఫిర్యాదు లేదు. మేస్త్రి పొద్దున్నే నల్లతెర ముందు కూర్చుని బీరువా తెరుస్తాడు. పాత పేర్లన్నీ ఉత్తర్వుల మీద తుడిచేశాడు కనక, ఒకే ఒక్క అర. అందులో ఏమీ లేదు. ఆ సంగతి ఆయన రోజూ కమిషనరు గారికి నివేదిస్తాడు, కమిషనరు గారు రోజూ పైవాళ్ళకి నివేదిస్తారు, పైవాళ్ళు ప్రతి సమావేశంలో చదివి వినిపిస్తారు, హాలు హాలంతా చప్పట్లతో దద్దరిల్లుతుంది.

మీ వీధి సంగతి కూడా కావాలంటే ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి అడగండి. బీరువా మర్యాదస్తురాలు, ఉందనే చెబుతుంది, ఖాళీగా, ఏ బాధా లేకుండా. విని సంతోషించండి. కథ ఇంతసేపూ ఒక చేత్తో పట్టుకుని నవ్వుతూ చదివారు కదా, ఆ రెండో చెయ్యి ఎక్కడుందో మాత్రం ఒకసారి చూసుకోండి. ముక్కు మీద ఉంటే తీసేయండి. మైకు పెట్టేశారు, చప్పట్లకి ఇక దాంతో పనుంది.